నూట ముప్పయ్యో మెట్టు

ఇరవై రెండేళ్ళుగా నల్లబల్ల ఎడమ మూలన
ఒకే వాక్యం రాస్తూ వచ్చాను:
ప్రమాణ వైశాల్యంపై లంబంగా పనిచేసే బలమే పీడనం.
సుద్దముక్క అరిగేది, వాక్యం అరిగేది కాదు.
పిల్లలు దాన్ని ఎత్తుకుని
పరీక్ష హాల్లో దించేసి
ఖాళీ భుజాలతో ఇళ్ళకు పోయేవాళ్ళు.

ఈసారి రాయలేదు.
గొప్ప ఆలోచనేం కాదు, సుద్ద అయిపోయింది.
కిటికీలో ఖాళీ కూల్‌డ్రింకు సీసా ఉంది,
ఇస్సాకు సంచిలో
వాళ్ళమ్మ గోనెలు కుట్టే దబ్బనం ఉంది.
మూడు బొక్కలు పొడిచాం.
పైన, నడుమ, అడుగున.

ఏ ధార దూరం పడుతుంది?
"అడుగుదే" అన్నారు అందరూ, పుస్తకం తెరిచి.
బొమ్మా అదే చెబుతోంది.
మా బల్ల ఒప్పుకోలేదు.
నడుమ ధార అన్నిటినీ దాటి
నా చీర కుచ్చెళ్ళ మీద పడింది.

కాసేపు క్లాసులో ఫ్యాను చప్పుడే.
జవాబు ఉన్నదానిలా దగ్గాను.
మస్తాన్‌వలి లేచాడు:
"పుస్తకం తప్పా టీచర్, మనం తప్పా?"
"తెలీదు" అన్నాను.
రోహిణి కార్తెలో కుండనీళ్ళలా
ఎంత చల్లగా దిగిందో ఆ మాట గొంతులోకి!

తర్వాత నేను చేసిందల్లా అడ్డు తప్పుకోవడం.
బల్ల మీద స్టూలు, స్టూలు అంచున సీసా,
సీసా చుట్టూ తడిసిన తలలు.
పక్క క్లాసు లెక్కల మాస్టారు తొంగి చూసి
"పాఠం లేదా అమ్మా ఇవాళ?" అన్నాడు.
అదే క్షణంలో అడుగు ధార
తలుపు దాకా దూకింది.

"దానికి బలం ముందే ఉంది టీచర్,
పడ్డానికి చోటే లేదు" అంది సలోమి.

సలోమి చిట్టినగర్ కొండమీది పిల్ల.
పొద్దున్నే రెండు బిందెలు పైకి మోశాకే
బడికి దిగుతుంది.
ఎడమ భుజం కాస్త వాలి ఉంటుంది.
హాజరు పట్టీలో దానికి గడి లేదు.
"మరి మా కుళాయి సంగతేంటి?" అంది.

ఆదివారం తెల్లారుజామున
నలుగురు పిల్లలు, ఒక బిందె, నా చేతి గడియారం.
కింద కుళాయి: నలభై సెకన్లు.
అరవయ్యో మెట్టు: నిమిషంబావు.
నూట పన్నెండు: ఆరు నిమిషాలు,
మధ్యలో ఒక అవ్వ తిట్లు,
"నా వంతు నీళ్ళు మీ చదువులకా?"
ఆమెదీ న్యాయమే. నిండాక బిందె ఆమె గడపలో దించాం.
నూట ముప్పై: కుళాయి బుస కొట్టింది.
గాలి తప్ప చుక్క లేదు.
ఆ గడిలో ఏం రాయాలో తోచక
ఇస్సాకు "పాము" అని రాశాడు.
కొట్టెయ్యలేదు నేను.

సలోమి ఇల్లు నూట ఎనభై ఏడు.
వాళ్ళమ్మ టీ ఇచ్చింది, వద్దన్నా వినకుండా.
ఆ గ్లాసులో ఎన్ని మెట్లున్నాయో
లెక్కపెట్టుకుంటూ తాగాను.
అక్కణ్ణుంచి చూస్తే
బ్యారేజీ వెనక కృష్ణ నిండుగా ఉంది.

సోమవారం గోడకు గ్రాఫు కాగితం అంటించారు.
గీత ఎక్కుతూ ఎక్కుతూ
చివర కాగితం దాటి గోడమీదికి పోయింది.
పీడనం అన్న మాట ఇంకా ఎవరూ అనలేదు.
నేనూ అనలేదు, నాలుక చివర పట్టుకుని కూర్చున్నాను.
మస్తాన్‌వలే అడిగాడు,
"అయితే ఆ ట్యాంకు ఏ ఎత్తులో కట్టారు?"
సలోమి గోడకేసి చూస్తూ అంది,
"కట్టేముందు మా మెట్లు లెక్కపెట్టారా?"

కొత్త సుద్ద డబ్బా వచ్చింది.
ఎడమ మూలన, నా వాక్యం ఉండే చోట,
ఆ ప్రశ్న రాసి వెళ్ళింది సలోమి,
అక్షరాలు కొంచెం ఒక పక్కకు వాలి.

సాయంత్రం బడి ఊడ్చే పైడితల్లమ్మ
బల్లంతా తుడిచి
ఆ మూల మాత్రం వదిలేసింది.
ఆమెకు చదువు రాదనుకునేదాన్ని.
ఆమె ఇల్లు ఏ మెట్టో
ఇంకా అడగలేదు.