రేకుబిళ్ళ నంబరు పదిహేడు

అంబాజీపేట కొబ్బరి యార్డులో
శుక్రవారం పొద్దున్న పదింటికి
గుబ్బల సూరమ్మ గారి బాకీ
యాళ్ల ఏసుబాబు ఫోనులో కనబడింది.

నలభై రెండు వేల చిల్లర.
"ఆయ్, ఇంత ఎప్పుడు తీసుకున్నానండీ నేను?
సూరమ్మ అని ఉందేంటి?"
ఆయన గొంతు మామూలుగానే పెద్దది.
పక్క రాశి దగ్గర పీచు దులుపుకుంటూ
ఆవిడ తలెత్తింది.
అప్పటికే పదిమంది విన్నారు.

తప్పు నాది.
సర్వ్‌లెట్ క్లాసులో, మెథడ్‌కి బయట,
ఒకే ఒక్క లైను,
రైతు పేరు దాచుకునే చోటు.
రాసిన రాత్రి ఎంత అమాయకంగా ఉందో అది!
అమలాపురంలో నా మేడగదిలో
నేనొక్కదాన్నే నొక్కి చూసుకున్నాను మరి,
ఒక్కరే ఉన్న ఇంట్లో
ఏ గ్లాసు ఎవరిదన్న పేచీ రాదు.

టామ్‌క్యాట్ సర్వ్‌లెట్‌ని ఒక్కదాన్నే చేస్తుంది.
వచ్చినవాళ్ళందరి చేతులూ అందులోకే.
ఏసుబాబు పేరు పెట్టి బాకీ తీసేలోపు
సూరమ్మ పేరు వచ్చి దానిమీద పడింది.
ఎంతసేపు? కత్తికి కాయ తగిలేంత.

గోనెసంచుల మీద లాప్‌టాప్ పెట్టుక్కూచున్నాను.
గేటు దగ్గర బిళ్ళలిచ్చే పోలిశెట్టి బుల్లబ్బాయి గారు
తొంగి చూసి, ఏమీ అర్థంకాక,
తనకు అర్థమైందే అడిగారు:
"కాయలు నెత్తినెట్టుకుని తిరుగుతారేంటమ్మా యార్డంతా?
రాశి మా దగ్గరే ఉంటది.
మీద సున్నంతో నంబరేస్తాం.
మనిషి చేతిలో రేకుబిళ్ళే."

అంతేనండీ, అన్నాను.
సెషన్ అంటే అదే.
ఫోను మోసేది నంబరొక్కటే,
రాశి సర్వర్ దగ్గర.
పదిహేడో బిళ్ళ చూపిస్తే పదిహేడో రాశి,
బిళ్ళ పోగొట్టుకున్నవాడు
కొత్తగా వచ్చినవాడితో సమానం.

మరి కాటా దగ్గర రాసిచ్చే ధర చీటీ?
అది రిక్వెస్టు, ఒక్క బేరానికే.
కాటా అబ్బాయి తనే లోపలికి తీసుకెళ్ళి
గుమాస్తా చేతిలో పెడితే చీటీ బతుకుతుంది.
"అలా కాదు, గేటులోంచి మళ్ళీ రండి" అని తిప్పి పంపారా,
వచ్చేది మనిషే.
చీటీ ఎక్కడో కాటా కింద.
మొదటి ఏడాది నేను అలాగే రీడైరెక్ట్ చేసి చేసి
ధర ఉండాల్సిన చోట నల్, నల్ అని చూసి
అర్ధరాత్రి కళ్ళనీళ్ళు పెట్టుకున్నదాన్ని.

ఆ కసితోనే తర్వాత
ప్రతిదీ సెషన్‌లో కుక్కడం మొదలెట్టాను.
ఏడాది అమ్మకాలు, దింపు కూలీ, ఒలుపు కూలీ,
ఎప్పటికైనా పనికొస్తాయని.
మధ్యాహ్నానికి సర్వర్
గుర్రపుడెక్క పట్టిన పంటకాలవలా
కదలడం మానేసేది.

పదకొండింటికి పేరుని మెథడ్ లోపలికి దింపాను.
నంబరు సెషన్‌లో, బాకీ రిక్వెస్టులో.
పాత సెషన్లన్నీ ఇన్‌వాలిడేట్ చేశాను.
విన్న చెవులకి ఆ సదుపాయం లేదు.

సూరమ్మ గారి దగ్గరికెళ్ళి నిలబడ్డాను.
ఏం చెప్పాలో ఇంట్లో అనుకోలేదు, దారిలో అనుకోలేదు.
ఆవిడే అంది,
"ఆయన బాకీ నాకు కనబడలేదేంటి మరి?"
నవ్విందో, ఎత్తిపొడిచిందో
ఇప్పటికీ తెలీదు.

సాయంత్రం మళ్ళీ పిలిచింది, ఫోను చాపి.
తెరమీద నేను రాసిన వాక్యమే:
మీ సమయం ముగిసింది, మళ్ళీ లాగిన్ అవ్వండి.
"కురిడీలు లెక్కెట్టుకుంటున్నానమ్మా,
ఎక్కడికీ పోలేదు.
ఇక్కడే ఉన్నదాన్ని ఎలా మర్చిపోద్ది?"

వెయ్యి కురిడీలు లెక్కపెట్టడానికి
నలభై నిమిషాలు పడుతుందట.
తాడు మీద ఎర్రగా ఎండిన పీచు,
లారీకి ఎత్తుతున్న బస్తాలు.
నేను వెబ్ ఎక్స్ఎంఎల్ తెరిచి
ముప్పైని తొంభై చేశాను.