హంసపాదు

జనవరిలో ఔలు పట్టణంలో మూడింటికే దీపాలు వెలుగుతాయి.
నది మీద మంచు, మంచు మీద సైకిలు చారలు.
భాండాగారం రెండో అంతస్తులో నేను,
నా వీపు వెనక ఓయివా కార్పినెన్ వదిలివెళ్ళిన కార్డుల బీరువా.

వెతకమని రెండు మాటలిస్తారు జనం.
తారు, మునక, అంటారు.
ఒక్కో మాటకీ ఒక్కో వరస,
ఆ మాట తగిలిన కాగితాల నంబర్లు
రొట్టెల కొట్టు ముందు జనంలా, తోసుకోకుండా.

తారు పన్నెండు దగ్గర నిలబడితే
మునక నలభై దగ్గరుంటుంది.
సరే, తారూ నలభైకి దూకుతుంది. ఉందా? ఉంది.
ఇద్దరూ కలిసిన చోటే దొరికిన కాగితం.
మళ్ళీ తారు నూట మూడు,
మునకకి నూట మూడు లేదు, ఆరొందల రెండుకి పోతుంది,
తారుకి అదీ లేదు, తొమ్మిదొందల ఏడు అంటుంది.
మునక అక్కడ ముందే చోటు చూసుకుని ఉంది.
కప్పగంతులాట, అంతే.

రిటైరయ్యే ముందు ఓయివా చేతులతో ఆడి చూపించాడు:
ఎడమ చూపుడువేలు ఒక సొరుగులో
కుడి చూపుడువేలు ఇంకో సొరుగులో.
"వెనక్కి మాత్రం రాకు.
వచ్చావంటే సాయంత్రమైపోతుంది."
ఆ మాట అంటున్నప్పుడే కిటికీ చీకటిగా ఉంది.

వేలు మొదట ఏ కాగితం మీదా ఉండదు.
మొదటిదానికి ఒక అడుగు ఇవతల
మైనస్ ఒకటి అనే చోట గాలిలో ఆగి ఉంటుంది.
తరువాతిది, అంటేనే నేల మీద కాలు పెడుతుంది.
అన్నీ అయిపోయాక
లేవు అని చెప్పదు,
రెండొందల పద్నాలుగు కోట్ల చిల్లర అని ఒక అంకె చెబుతుంది.
లేదనడానికి ఇంత పెద్ద అంకెా అని నవ్వుకునేదాన్ని.

హెల్వి తుర్పెయినెన్ బుధవారాలు వచ్చేది,
బూట్ల కింద నీటి మడుగు.
అమాలియా, చుక్కాని. ప్రతిసారీ అవే రెండు మాటలు.
"లేవండీ," అనేదాన్ని యంత్రమంత ధీమాగా.
"ఉంది. మా అమ్మ ఈ గదిలోనే చదివింది.
ఆడది పడవ నడపలేదని మా బావలు పందెం కట్టారు."

ఐదో బుధవారం ఆవిడే బీరువా వైపు గడ్డం ఎత్తి చూపింది.
మొహమాటానికి సొరుగులు లాగాను.
ఎడమ వేలు. కుడి వేలు.
కదపాల్సిన పనే లేకపోయింది,
రెండు వేళ్ళ కిందా మొట్టమొదటి కార్డే, ఒకే నంబరు.

ఆ రాత్రి నేను రాసినదాన్ని వరసవరసా చదివాను.
చక్రం తిరగడానికి ముందు, ఊరికే, పనిచేస్తోందో లేదోనని
ఒక్కసారి తరువాతిది అని ఉన్నాను.
ఆ వరస చెరపలేదు.
చక్రం మొదలవగానే మళ్ళీ తరువాతిది.
ఆదిలోనే హంసపాదు.
పదకొండు నెలలు, వెతికిన ప్రతివాళ్ళకీ
మొదటి కాగితాన్ని తొక్కి దాటిపోయాను.

ముప్ఫై దొరికినవాడికి
ముప్ఫై ఒకటోది పోయిందని ఎలా తెలుస్తుంది?
ఒక్కటే ఉన్నవాళ్ళకి తెలిసి ఉండాలి.
వాళ్ళు థాంక్స్ చెప్పి
టోపీలు చెవుల మీదికి లాక్కుని వెళ్ళిపోయారు.
ఎవరెవరో, మేం రాసిపెట్టుకోం.

ఒక వరస తీసేశాను. అర నిమిషం పని.
కాగితంలో ఇంతే ఉంది:
పద్దెనిమిది పీపాలు. చుక్కాని అమాలియా.
దారిలో ఏదీ పోలేదు.
హెల్వి రెండుసార్లు చదివింది, రెండోసారి పెదవులు కదిలాయి.
"నకలుకి ఎంత?"
వద్దండీ, తప్పు నాది, అన్నాను.
నాణేలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది,
రసీదు అడిగింది,
పందెం డబ్బుల్లోంచి కోసుకుంటానంది.

ఓయివా కార్డు అంచున పెన్సిలు గుర్తు ఒకటుంది,
మాట జారిన చోట రాతగాళ్ళు వేసే పక్షికాలు.
ఎప్పుడు ఏం మరిచి వేశాడో.
పైన రాయాల్సిన మాట రాయలేదు.