వదులు వరస

చించేరోలో సతూకా మగ్గానికి
ఒక కొస గుంజ, రెండో కొస తన నడుమే.
వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది,
దగ్గితే సడలుతుంది.
లామా ఎముకతో పేకను దట్టిస్తూ
రోజంతా పలకదు.
గోళ్లలో కాక్టస్ పురుగుల ఎరుపు.

కుస్కో బేరగాడు దుప్పటి పరిచి
వేలితో తడిమి పట్టేశాడు:
"ఇదిగో, ఇక్కడో వరస వదులు.
పది సోల్‌లు తగ్గించు."

తగ్గించలేదు. మడిచి ఒళ్లో పెట్టుకుంది.

మొగుణ్ణి గని మింగిన మూడేళ్లకు
పక్కింటి ఆల్పాకా పిల్ల ఉన్నిబుట్టలో దూరి
నెత్తిన ఆకుపచ్చ ఉండతో
పాదిరీలా నడిచొచ్చినప్పుడు
నడుము అదిరేలా నవ్విందామె.
ఆ వరస అదే.

ఇదంతా బేరగాడికి చెప్పలేదు. ఉన్నీ చెప్పదు,
వేలికి సందు మాత్రం తగులుతుంది.

"సరే, ఐదు తగ్గించు,"
అన్నాడతను, దుప్పటి వైపు చేయి చాస్తూ.