కొలకర్ర

రోహిణిల రోళ్ళు పగులుతయంటరు.
సుచిత్ర కాడ రోళ్ళెక్కడియి,
తారు మెత్తబడి చెప్పుల అచ్చులు పట్టింది.
పగటీలి రెండున్నర. ముంగట ఫ్లైఓవర్ పని,
ఎన్క కొంపల్లి దాక లారీలు.
నాది నీళ్ళ ట్యాంకరు, ఐదువేల లీటర్లు,
మేడ్చల్ బోరు కాడికెళ్ళి బోయిన్‌పల్లి అపార్ట్‌మెంటుకు.
సెక్రటరీ సారు నాలుగుసార్లు ఫోన్ జేసిండు.

పక్కన హర్యానా నంబరు లారీ.
మొదలు వాసన తెలిసింది, తర్వాత చప్పుడు:
పద్నాలుగు నోళ్ళు తెరుచుకోని
గాలిని తాగుతున్న చప్పుడు.
బోరెండినంక
మోటరు ఒట్టిగ తిరిగినట్టు.

ముర్రా బర్రెలు.
కొమ్ములు మురుకుల్లెక్క చుట్టుకున్నయ్,
చెవులకు పచ్చ బిళ్ళలు, బిళ్ళల మీద నంబర్లు.
పలకల సందులకెళ్ళి నురుగు
నా అద్దం మీద పడ్డది.
ఒకటి మోకాళ్ళ మీద కూలబడ్డది.
దాన్ని తొక్కకుంట నిలబడేతందుకు
మిగిలినయి ఎట్ల సర్దుకుంటున్నయో చూడాలె,
మా సిటీ బస్సుల ఎవ్వడట్ల సర్దుకోడు.

పైన అడ్డకట్టె మీద కూసున్నడు ధరంబీర్,
మూతికి తువ్వాల. మూడో రోజట.
"గాడీ చలే తో హవా," అన్నడు, "రుకే తో భట్టీ."
నాగ్‌పూర్ల రాత్రి తాపిండట, ఆదిలాబాద్ల ఒకసారి.
నిర్మల్ దాటినంక నీళ్ళు దొరకలే.
ఇంక అత్తాపూర్ షెడ్డుకు పాతిక కిలోమీటర్లే.
ఈ ఊర్ల పాతిక కిలోమీటర్లు ఎంత పొడుగుంటయో
ఆయనకెవరు చెప్పాలె.

నేనేం ధర్మాత్ముణ్ని గాను.
ట్యాంకరు మీద 'జలమే జీవం' అని రాయించింది ఓనరు.
నేను నీళ్ళను రూపాయలల్లనే లెక్కవెడ్త.
కాని ఆ కూలబడ్డదాని మూతి
మెల్లగ నా దిక్కు తిరిగింది.
నా దిక్కు గాదు,
నా ట్యాంకరు కింద వాల్వు కారుతుంటది, ఎప్పటిసందో.
ఆ చుక్కల వాసన దానికి అందింది.

సాయులు పైపు గుంజిండు.
నేను తీస్కపోయి నెత్తి మీదనే వట్టిన.
"పెహ్లే పైర్! పెహ్లే పైర్!" ధరంబీర్ ఒర్రిండు.
కాళ్ళు ముందట, తర్వాత కడుపు, ఆఖరికి వీపు.
కాగిన పెనం మీద నీళ్ళు గుమ్మరియ్యరు గదా, గంతె.
ఇరవై ఏండ్లు నీళ్ళు మోసిన,
పొయ్యుడు ఇయ్యాల నేర్సుకున్న.

నల్లటి తోళ్ళ మీదికెళ్ళి ఆవిరి లేసింది.
పేడనీళ్ళు రోడ్డు మీదికి జారితె
స్కూటీ మీదామె కాళ్ళు పైకెత్తుకున్నది.
హారన్లు. ఒకడు వీడియో తీసిండు.
ఇంకొకడు, "తాగే నీళ్ళు భాయ్ అవి" అన్నడు.
తాగుతున్నయ్ గదా అన్న.

అది లేసిందో లేదో చూడలే.
ముంగట బండి కదిలింది, లారీ కదిలింది,
దాని ఎన్క తలుపు మీద
పూలేసి రాసిన హిందీ అక్షరాలు
జీడిమెట్ల దుమ్ముల కలిసిపోయినయ్.

అపార్ట్‌మెంటుల సారు నిచ్చెనెక్కి
కొలకర్ర ముంచిండు. జానెడు తక్కువ.
"ఎండకు ఆవిరైనయ్ సార్" అన్న.
అబద్ధమైతే కాదు.
మూడొందలు కోసిండు.

వాల్వుకు కొత్త వాషరెయ్యాలని
సాయులు అడుగుతనే ఉన్నడు.
ఏద్దాం తియ్యి అంటున్న.
ఇంకా ఎయ్యలే.