నాలుగక్షరం ముక్కలు

ఆఖరి బస్సు కడిగేసరికి రాత్రి పదకొండున్నర.
బకెట్టు బోర్లించి దానిమీదే కూర్చుని
బొమ్మల పుస్తకం తీస్తాను.
అరచేయంత ఉంటుంది. అట్ట లేదు.
నగరదేవత గుడి దగ్గర పాతసామాన్ల సంతలో
తూకానికి అమ్ముతుంటే ఏడు కొన్నాను.
కొసరుగా ఇంకోటి అడిగితే ఇచ్చాడు,
అందుకే దానికి చివరి పేజీ లేదు.

తొమ్మిదో ఏట బడి మాన్పించారు నన్ను.
"నాలుగక్షరం ముక్కలొచ్చాయి, చాల్లే"
అన్నాడు నాన్న, గొర్రెల్ని అదిలిస్తూ.
మా భాషలో నాలుగక్షరాలంటే
ఒక్కోసారి ఒక రాజ్యం కూలిన కథ అని
ఆయనకెవరు చెప్పారు గనక.

ఇప్పుడు నలభై ఆరు.
పొద్దున్న అయిదూ నలభైకి డ్రైవర్ చియావ్ రేడియో పెడతాడు.
రోజుకో నాలుగక్షరాల మాట, దాని వెనకాల కథ.
సరిగ్గా కుందేలు వచ్చి మోడుకి గుద్దుకునే చోట
బండి స్టార్ట్ చేస్తాడు.
నా మట్టుకి ఆ రైతు ఇంకా ఆ మోడు దగ్గరే ఉన్నాడు.

పళ్ల కొట్టువాడి క్యాలెండరు కాగితాలు,
మేనకోడలు పారేసిన ఆరో తరగతి వాచకం,
నూడుల్స్ కొట్టు గోడమీద
ఆవిరికి సగం చెరిగిన రాత,
కోసిన చేలో పరిగె ఏరినట్టు ఏరుకున్నాను.

అన్నిట్లోకీ పెద్ద పుస్తకం
లాన్‌జౌ ఊరికంతటికీ కనబడేలా ఏటి ఒడ్డునే ఉండేది.
ముసలి దౌ, తనకన్నా పొడుగైన కుంచెని నీళ్లలో ముంచి
రాతిపలకల మీద రాసేవాడు.
జూలైలో నాలుగో అక్షరం దిద్దేలోపు
మొదటిది ఆరిపోయేది.
అది చదవడం కాదు, వెంటపడటం.
జనవరిలో మాత్రం నీళ్లు అక్కడికక్కడే గడ్డకట్టి
ఒక మాట రెండ్రోజులు అలాగే ఉండిపోయింది.
చేతితొడుగు తీసి, మోకాళ్లమీద కూచుని దిద్దాను.
వేలు అంటుకుపోయింది.

ఓసారి కొసరు పుస్తకం ఆయనకి చూపించాను.
దొడ్డికి కంత. రాత్రి తోడేలు. పొద్దున ఒక గొర్రె తక్కువ.
పూడ్చమంటాడు పక్కింటాయన. వినడు.
మర్నాడు ఇంకొకటి.
అప్పుడు మట్టి పిసుకుతూ కూచున్న మనిషి బొమ్మతో
నా పుస్తకం అయిపోతుంది.
"తెలుసులెండి," అన్నాను,
"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. అంతేగా?"

ఆయన కుంచె దులిపాడు.
"చివరి పేజీ చించినవాడెవడో
నిన్ను బాగా మోసం చేశాడమ్మా.
ఆ తర్వాత ఒక్క గొర్రె కూడా పోలేదు.
పూడ్చడానికి ఇంకా పొద్దుపోలేదంటుంది ఆ మాట."

ఇన్నేళ్లూ దాన్ని తిట్టుగా వాడాను.
తమ్ముణ్ణి, మొగుణ్ణి,
ఎక్కువగా అద్దంలో మనిషిని.

ఈ వసంతంలో ఆయన రావడం లేదు.
కొడుకు దగ్గరికి షీనింగ్ వెళ్లాడని ఒకరన్నారు, మోకాలని ఒకరు.
నేను మాత్రం ఆకుపచ్చ బెంచీ నించి పదకొండో పలక దగ్గర
వెళ్లి నిలబడతాను.
పడవ అంచుమీద గాటు పెట్టుకుని
నడి ఏట్లో జారిన కత్తిని ఒడ్డున వెతికినవాడు
గుర్తొచ్చి నవ్వొస్తుంది.
ఏరు కూడా ఎదురుగానే ఉంది మరి,
పసుప్పచ్చగా, ఆగకుండా.

నిన్న రాత్రి ఇరవయ్యారో నంబరు బస్సు
ఇసుక గాలిలోంచి వచ్చింది.
వెనకద్దం నిండా దుమ్ము.
కడిగేముందు వేలితో రాశాను,
గొర్రె మాటే, నాలుగక్షరాలు.
చియావ్ సిగరెట్టు ఆర్పి, తల వంచి చూశాడు.
"మూడోదాంట్లో ఒక చుక్క మర్చిపోయావు, షియుయిన్."

చుక్క పెట్టాను.
తర్వాత నీళ్ల గొట్టం విప్పడానికి
కాసేపు చేతులు రాలేదు.