పావు అంగుళం

ముప్ఫై ఒక్క ఏళ్లుగా
చాకలిపేట ఎం.సి. రోడ్డు సందులో జాకెట్లు కుడుతున్నాను.
కళ్లు మూసుకుని తడిమినా
పట్టులో తెగిన పోగు ఎక్కడుందో చెబుతాను.
ఆ వేళ్లకి
నా ఎడమ రొమ్ములో ముడి అందలేదు.

తప్పు వేళ్లది కాదట.
పదకొండు మిల్లీమీటర్లు. బాగా లోపల.
కార్పొరేషన్ బడి ముందు ఆగిన బండిలో
రెండు పలకల మధ్య నొక్కి తీసిన బొమ్మ మీద
సున్నపు పొడి రాలినట్టు కనబడింది.
అసలు నేను వెళ్లింది తోడుకి,
పక్క షాపు జులేఖా ఒక్కతే భయపడుతుంటే.
ఆమెకి ఏమీ లేదు.
మూడు వారాలు నా ముఖం చూడలేకపోయింది పాపం.

కత్తి అనుకున్నాను, సూది అన్నారు.
సూదికి జడిస్తే నా ఇంట్లో పొయ్యి వెలుగుతుందా?
"అసయాదీంగమ్మా" అంది
తెర మీంచి చూపు తిప్పకుండా డాక్టర్ తిలకవతి.
కదల్లేదు.
టప్.
స్టేప్లర్ చప్పుడే. అయిదుసార్లు.
సేమ్యా ముక్కల్లాంటి పోగులు సీసాలో తేలాయి.
చోటు మరిచిపోకుండా లోపలొక క్లిప్పు వదిలారు,
నువ్వుగింజంత.
గుండుసూది గుచ్చి పక్కన పెట్టిన గుడ్డలా
రెండు వారాలు తిరిగాను.

ఆపరేషన్ రోజు పెన్నుతో గీత గీశారు.
"మార్జిన్ ఎంత వదులుతున్నారు?" అన్నాను.
కుర్ర డాక్టరు పెన్ను ఆపాడు.
"మీరు వదులుతారమ్మా, మేం కలిపి తీసేస్తాం."

చంకలో ఎన్ని గడ్డలు తీయాలో
ఒక నీలం రంగు చెప్పింది.
అది పాకి పాకి మొదట తట్టిన గుమ్మాలు రెండు.
ఆ రెండే తీశారు. రెండూ శుభ్రం.
మా అక్క శేషారత్నానికి ఈ రంగు దొరకలేదు.
చంకంతా దున్నేశారు.
వాచిన చేతికి పట్టేలా జాకెట్టు నేనే కుట్టాను,
కుడి చెయ్యి పదకొండు, ఎడమ పదహారు.
ఆ పేజీ చింపనూ లేదు, మళ్లీ తెరవనూ లేదు.

మర్నాడు ఒంటేలు ఆకుపచ్చగా వచ్చింది!
నర్సు ముందుగా చెప్పడం మరిచింది.
బాత్రూంలో ఒక్కదాన్నే నవ్వాను, కుట్లు లాగేదాకా.

తర్వాత పదిహేను పూటలు రేడియేషన్.
ఇస్త్రీ ఎక్కువైన నూలులా చర్మం.

నిన్న రాత్రి షట్టరు దించి
మెడలో టేపు తీసి నన్ను నేను కొలుచుకున్నాను.
కుడి, ఎప్పటిదే.
ఎడమ, పావు అంగుళం తక్కువ.
ఊరందరి కొలతలూ ఉన్న పుస్తకంలో
నా పేరు ఇప్పుడే రాశాను.
పాత జాకెట్టు ఎడమ టక్కు విప్పి
సుద్దతో కొత్త గీత గీశాను.
సూదిలోకి దారం
రెండోసారికి ఎక్కింది.