నూట ఇరవై కౌంటు

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఏసీ హాలు.
మేత కంపెనీవాళ్ళు పిలిచి, మెళ్ళో తాడేసి
తాడుకి నా పేరు వేలాడదీశారు.
అక్షరం తప్పు పడింది. అయినా మెరుస్తా ఉండాది కదా అని
చొక్కా మీద సర్దుకున్నా.

తెల్లబూట్ల పిల్లోడు తెర మీద సబ్బుబిళ్ళ చూపించి
"ఇదేంది?" అన్నాడు.
సబ్బన్నాం.
"కాదు, నమ్మకం" అన్నాడు.
నా పక్కనున్న కోట టెక్నీషియను
నమ్మకం ఏ వాసనొస్తదోనని ముక్కు ఎగబీల్చాడు.

మీరొక్కొక్కరూ ఒక కంపెనీ అన్నాడు.
మీకో రంగుండాల, ఒక గుర్తుండాల, నోరు తిరిగే ఒక మాటుండాల.
ఏ పూట చూసినా అదే చొక్కా, అదే నవ్వు.
ముఖ్యంగా,
చెడ్డకబురు పక్కన మీ మొహం ఎవరికీ గుర్తు రాకూడదు.
దాని కింద రెండు గీతలు గీసుకున్నా.

మైపాడు రోడ్డు మీద నా గది పదికి పది.
ఒక మైక్రోస్కోపు. ఒక ఫ్రిజ్జు.
పైఅరలో విబ్రియో పళ్ళేలు,
కిందరలో ముబీనా పంపిన మజ్జిగ.
బోర్డు మార్పించా, నీలం మీద తెలుపు:
నీళ్ళ డాక్టర్ జిలానీ. మీ గుంటకు మా గ్యారంటీ.
నీలం చొక్కాలు ఆరు కుట్టించా.
ఎవరి పట్టుబడి అయినా సరే,
ట్రే నిండా రొయ్యలు, పక్కన నేను, పైకి లేచిన నా బొటనవేలు.
"ఆ వేలు దించు, నొప్పెయ్యదా" అంది ముబీనా.

నాలుగు నెలలు నీలంగా బతికా.
పళ్ళెంలో పచ్చచుక్కలు లేస్తే
ఫోన్లో అది "రవ్వంత చూసుకుందాంలే అన్నా" అయ్యేది.
అమ్మోనియా ఎక్కితే "వాతావరణం".
నీళ్ళు నిజమే చెప్పేయి.
మధ్యలో మనిషిని నేను.

గంగపట్నం రవణయ్య వచ్చిన రాత్రి
మంచుకి వీధిలైటు కూడా ముసుగేసుకోనుండాది.
బండి ఆపలా, స్టాండు వెయ్యలా,
గోడకానించి లోపలికొచ్చాడు.
సంచిలో నాలుగు రొయ్యలు, నలభై అయిదు రోజులయి.
తల పెంకు ఒలిచి దీపానికి అడ్డం పెట్టా.
రాళ్ళుప్పు అతికించినట్టు మచ్చలు.

గొంతులో గ్యారంటీ అడ్డం పడింది.
షెల్ఫులో కంపెనీ మందుండాది, డబ్బాకి నాకు నూట ఎనభై.
వారం రోజులు ఆశ అమ్మొచ్చు.

"తెల్లారేలోపు పట్టేయ్" అన్నా.
"నూట ఇరవై కౌంటుకి ఏమొస్తదబ్బా?"
"మేత బాకీలో సగం. ఎల్లుండికి అదీ రాదు."
ఇంకో మాట కూడా చెప్పాల్సొచ్చింది:
"నీళ్ళు కాలవలోకి వదలబాక. నీ కిందోళ్ళ గుంటలుండాయి.
బ్లీచింగు కొట్టు."
ఆ రోగం నేనే తెచ్చినట్టు చూశాడు.
బ్లీచింగు ఖర్చడిగాడు. చెప్పా.
చానాసేపు కూర్చున్నాడు. మజ్జిగిస్తే తాగలా.

ట్రాక్టరు లైట్ల వెలుతుర్లో వల లాగాం.
మొలలోతు నీళ్ళలో నేనూ దిగా.
తెల్లారేసరికి నా చొక్కా
కట్ట రంగు, కాలవ రంగు, రవణయ్య పంచె రంగు.
ఫోటో ఎవరూ తియ్యలా.

కంపెనీ గ్రూపులోంచి నన్ను తీసేశారు, ఒక్క ముక్క చెప్పకుండా.
రవణయ్య రెండు నెలలు నా గది ముందు
తల అటు తిప్పుకుని పోయినాడు.
వానకి బోర్డు మీద గ్యారంటీ పెచ్చులూడింది.
నేను గోకలా, మళ్ళీ రాయించలా.

మొన్న విడవలూరు నుంచి ఒక కుర్రోడు,
చేతిలో నీళ్ళ బాటిలు, బోర్డెక్కడా చూడకుండా
"చేదు జిలానీ గది ఇదేనా?" అన్నాడు.
"ఎవరు చెప్పారు?"
"గంగపట్నం రవణయ్య.
తియ్యటి మాట కావాలంటే ఇంకో యాడికైనా పొమ్మన్నాడు."

బాటిలు మీద తేదీ రాశా.
గుంట నంబరు రాశా.
మూత తీశా.
వాసన బాగలా.
"కూర్చో" అన్నా.